ఊళ్లు తిరిగిన సీసా

1987 జూలైలో నన్ను పాలమూరు జిల్లాలోని ఒక ప్రభుత్వ ఆసుపత్రికి చెవి ముక్కు గొంతు విభాగంలో సివిల్ అసిస్టెంట్ సర్జన్‌గా వేశారు. ఆసుపత్రి పేరు రాయను. ఇక్కడ చెప్పబోయే పొరపాటులో పెద్ద వాటా నాది, మిగతాది ఒక బామ్మర్దిది. ఆసుపత్రిది ఏమీ లేదు.

నా హోదాలో అసిస్టెంట్ అన్న మాట ఉండేది గానీ, నేను సాయం చేయడానికి పైన ఒక పెద్ద సర్జన్ లేడు, నాకు సాయం చేయడానికి కింద ఒక చిన్న సర్జన్ లేడు. విభాగం అంటే నేను, ఒక గది, నుదుటికి కట్టుకునే గుండ్రటి అద్దం, ఆ అద్దం మీదికి వెలుతురు కొట్టే దీపం, నాలుగు పెట్టెల పనిముట్లు. మంగళవారం, శుక్రవారం ఆపరేషన్ థియేటర్ నాది. ఆ రెండు రోజులూ ఖాజా మియా కూడా నావాడే. ఖాజా థియేటర్ అసిస్టెంట్. అప్పటికి ఇరవై ఏళ్ల సర్వీసు. నేను చెయ్యి చాపేసరికి కావలసిన పనిముట్టు అందులో ఉండేది. తప్పు పనిముట్టు అడిగితే దాన్ని ఇవ్వకుండా సరైనది ఇచ్చి, పైకప్పు వైపు చూసేవాడు.

నాది భువనగిరి. వయసు ముప్పై రెండు. హైదరాబాద్‌లో చదువు ముగించుకుని, చెయ్యి తిరిగిందన్న నమ్మకంతో వచ్చాను. ఆ నమ్మకం పాలు కొంచెం ఎక్కువేనని ఇప్పుడు ఒప్పుకుంటాను.

ముక్కులో పెరిగే మామూలు కండను మేము పాలిప్ అంటాం, జనం దుర్మాంసం అంటారు. అది చూడటానికి తొక్క తీసిన ద్రాక్షపండులా నున్నగా, తేమగా ఉంటుంది. చాలాసార్లు ప్రాణానికి ముప్పు లేనిదే. కానీ ఊపిరి ఆడనివ్వదు, వాసన తెలియనివ్వదు, పడుకుంటే ఇల్లంతా లేచేలా గురక పెట్టిస్తుంది. ఒకరకం పాలిప్ బుగ్గ ఎముక లోపలి గదిలో పుట్టి, సన్నటి కాడతో ముక్కులోకి వచ్చి, వెనక్కి తిరిగి గొంతు వెనకాల వేలాడుతుంది. దాన్ని కాడతో సహా ఒక్క ముక్కగా తీయాలి. కాడ లోపల మిగిలిపోతే మళ్లీ పెరుగుతుంది. ఈ కాడ రావడం అనేది నాకు గొప్ప సరదా. బంగాళాదుంప మొక్క పీకితే గడ్డలన్నీ తెగకుండా వచ్చినప్పుడు రైతుకు ఎలా ఉంటుందో నాకు అలా ఉండేది.

1988 ఫిబ్రవరిలో బాలప్ప వచ్చాడు. నారాయణపేట దగ్గరి పల్లె. మగ్గం నేసే మనిషి, వయసు యాభై రెండు. వెంట బామ్మర్ది మల్లేశం. బాలప్ప మాట పూర్తిగా ముక్కులోంచి వచ్చేది. ఎడమ పక్క గాలి ఆడటం లేదని రెండేళ్లుగా తెలుసట. ఇప్పుడెందుకు వచ్చావంటే మల్లేశం చెప్పాడు. బాలప్ప అన్నకు బుగ్గలో గడ్డ లేచింది, ఎక్కడో కోశారు, ఏడాది తిరగకుండా పోయాడు. తనకూ అదే వచ్చిందని బాలప్ప తీర్మానించుకున్నాడు. "మగ్గం ఇడిశిపెట్టిండు డాక్టరమ్మా" అన్నాడు మల్లేశం.

మగ్గం విడవడం అంటే ఏమిటో నాకు వెంటనే అర్థం కాలేదు. ఆ పక్క పద్ధతి ఏమిటంటే, మగ్గానికి ఒకసారి పడుగు ఎక్కిస్తే, అంటే నిలువు దారాలు కడితే, వరసగా ఎనిమిది చీరెలు నేస్తారు. ఎనిమిదీ అయ్యేదాకా దాన్ని తెంపరు. వారాల తరబడి పని. బాలప్ప నాకు తలవంచుకుని చెప్పాడు: "ఎనిమిది చీరెలు అయ్యేదాంక ఉంటనో లేదో. నడిమిట్ల ఇడిశిపోయే పని నేను పెట్టుకోను." నూలిచ్చి చీరెలు నేయించుకునే సేటు రెండుసార్లు నూలు పంపితే రెండుసార్లూ తిప్పి పంపేశాడట.

చల్లటి ఉక్కు పలకను ముక్కు కింద పెట్టి ఊపిరి వదలమన్నాను. మాకు ఇది మొదటి పరీక్ష. మామూలు మనిషికి పలక మీద రెండు ఆవిరి మచ్చలు పడతాయి. బాలప్పకు కుడి పక్క ఒక్కటే పడింది. వేడి చేసిన చిన్న అద్దాన్ని నోట్లోంచి అంగిలి వెనక్కి పెట్టి చూస్తే, గొంతు పైన కండ వేలాడుతోంది. ఎక్స్‌రేలో ఎడమ బుగ్గ గది తెల్లగా మూసుకుపోయి ఉంది. నాకు తొంభై పాళ్లు మామూలు పాలిప్ అనే అనిపించింది. కానీ మా గురువులు నూరిపోసిన సూత్రం ఒకటుంది. నలభై దాటిన మనిషికి ఒక్క పక్కనే కండ పెరిగితే దాన్ని నమ్మకూడదు, పరీక్షకు పంపి తీరాలి. ఆ మాటే బాలప్పకు చెప్పాను. తీస్తాను, పరీక్షకు పంపుతాను, కాగితం వచ్చాక చెబుతాను అన్నాను. అతను ఆలోచించి, "అయితే కాయితం వచ్చినంకనే పడుగు" అన్నాడు.

శుక్రవారం మత్తు ఇచ్చి తీశాం. నోట్లోంచి గొట్టం, గొంతులో రక్తం దిగకుండా గుడ్డ. ముక్కులోంచి ఉక్కుతీగ ఉచ్చు వేసి కండ మెడను పట్టుకున్నాను. రెండో చేతి వేలు అంగిలి వెనక్కి పోనిచ్చి నెట్టాను. ఒక క్షణం ఏమీ కదలలేదు. తరవాత మెత్తగా జారి, కోడిగుడ్డంత కండ, దాని వెనక రెండంగుళాల కాడ, మొత్తం ఒక్క ముక్కగా నోట్లోంచి వచ్చేసింది. ఖాజా మియా పైకప్పు వైపు చూడలేదు. కండ వైపే చూసి, "మాషా అల్లా" అన్నాడు. ఇరవై ఏళ్ల సర్వీసులో అతను ఎవరికిచ్చిన సర్టిఫికెట్టో నాకు తెలియదు గానీ నేను నాకే ఇచ్చాడనుకున్నాను.

ముక్కులో గాజుగుడ్డ కుక్కి, చేతులు కడుక్కోకముందే నేను ట్రేలో ఆ కండను పెట్టుకుని బయటికి నడిచాను. తీసినదాన్ని బంధువులకు చూపించడం మా వృత్తిలో అలవాటే. కానీ నేను చూపించిన తీరు వేరు. వరండాలో మల్లేశంతో పాటు ఇంకో ఇరవై మంది ఉన్నారు. ట్రే తిప్పి తిప్పి చూపించాను. ఇది తల, ఇది మెడ, ఇదిగో ఇది కాడ, ఇది రాకపోతే మళ్లీ వస్తుంది అని చిన్న ఉపన్యాసం ఇచ్చాను. వెనకవాళ్లు కనబడటం లేదంటే ట్రే పైకెత్తాను. బట్టల కొట్టువాడు చీరె కొంగు పరిచి చూపించినట్టు చూపించానని తరవాత ఖాజా అన్నాడు.

అప్పట్లో మా దగ్గర కండను పరీక్షించే నిపుణులు లేరు. ఫార్మలిన్ అనే మందునీళ్ల సీసాలో వేసి, దరఖాస్తు కాగితం జతచేసి హైదరాబాద్‌లోని ఒక వైద్య కళాశాలకు పంపాలి. పోస్టులో పగిలిపోతుంది కాబట్టి రోగి తరఫువాళ్లే బస్సులో పట్టుకుపోయి ఇచ్చి, పది రోజులకు మళ్లీ పోయి రిపోర్టు తెచ్చుకునేవారు. సీసాకు పేరు రాసిన ప్లాస్టరు అంటించి మల్లేశం చేతికిచ్చాను. అతను దాన్ని తువ్వాలలో చుట్టి, చంటిపిల్లను ఎత్తుకున్నట్టు ఎత్తుకుని పోయాడు. బాలప్పను నాలుగో రోజు ఇంటికి పంపాం.

ఆ తరవాత నెల రోజులు నా జీవితంలో పట్టపగ్గాలు లేని రోజులు. నారాయణపేట పక్కనుంచి జనం రావడం మొదలుపెట్టారు. మొదట ముగ్గురు, మరుసటి వారం బస్సు దిగేవాళ్లలో సగం మంది. ముక్కు మూసుకుపోయినవాళ్లు, మూసుకుపోలేదు గానీ మూసుకుపోతుందేమోనని వచ్చినవాళ్లు. ఒక పెద్దమనిషి జలుబుతో వచ్చి, ఆపరేషన్ వద్దంటే అలిగాడు. ఒకావిడ కూర్చుంటూనే, "నాది ఎంత ఎల్తదంటరు?" అని అడిగింది. "మాది గూడ సీసాల ఏసియ్యాలె" అని ముగ్గురు నలుగురు అన్నారు. సీసా సంగతి వీళ్లకెలా తెలుసని నేను ఆలోచించాలి. ఆలోచించలేదు. పొగడ్త వినబడుతున్నప్పుడు మిగతావి వినబడవు. నిజంగా పాలిప్ ఉన్నవాళ్లు కూడా అందులో తొమ్మిది మంది తేలారు, తొమ్మిదీ కాడలతో సహా తీశాను. నెలవారీ మీటింగులో సూపరింటెండెంట్ గారు ఇదేం జాతర అంటే, "పని బాగుంటే జనం వస్తారు సార్" అన్నాను. ఆ మాట ఇప్పుడు రాస్తుంటే కూడా చెవులు వేడెక్కుతున్నాయి.

ఐదో వారంలో బాలప్ప వచ్చాడు. ఊపిరి బాగుంది, గురక లేదు. కూర్చుని, కాయితం ఏమైంది డాక్టరమ్మా అని అడిగాడు. కాగితం మల్లేశం తెచ్చి అతనికే ఇచ్చాడనీ, ఆరోగ్యంగా ఉన్నాడు కాబట్టే రాలేదనీ అనుకున్నాను నేను. హైదరాబాద్‌వాళ్లు నేరుగా నాకే పంపుతారని మల్లేశం అతనికి చెప్పాడట. మగ్గం ఏం చేశావని అడిగాను. "ఖాళీగనే ఉన్నది" అన్నాడు. మామూలుగానే అన్నాడు. రెండు రోజుల్లో కనుక్కుంటానని పంపించి, కళాశాలలో పనిచేసే నా సహాధ్యాయినికి ట్రంక్ కాల్ చేశాను. బాలప్ప పేరుతో ఏ సీసా తమ రిజిస్టర్‌లో లేదంది.

నాకు నిజంగా భయం వేసింది. తొంభై పాళ్లు మామూలే అనుకున్న కండలో మిగిలిన పది పాళ్ల మాటేమిటి? అది చెడ్డదే అయితే ఐదు వారాలు వృథా. మామూలుదే అయితే ఒక మనిషి ఐదు వారాలు చావుకు సిద్ధపడి ఊరికే కూర్చున్నాడు. ఏదైనా నా లెక్కలోకే వస్తుంది.

అదృష్టం ఏమిటంటే, ఆ గురువారమే నారాయణపేట పక్క ఒక ఉన్నత పాఠశాలలో పిల్లల చెవులు పరీక్షించే క్యాంపు ఉంది. ఆసుపత్రి జీపులో నేను, ఖాజా వెళ్లాం. పెద్ద బల్ల ఉన్నదని సైన్సు గది ఇచ్చారు. పొద్దున్నుంచి మధ్యాహ్నం దాకా అద్దాల బీరువాకు వీపు పెట్టి కూర్చుని చెవుల్లో గులిమి తీశాను. భోజనం కాగానే జీపు బాలప్ప పల్లెకు మళ్లించాం.

మల్లేశం తన ఇంటి అరుగు మీద కూర్చుని రాట్నం మీద నూలు చుడుతున్నాడు. నన్ను చూసి లేచాడు, రాట్నం తిరుగుతూనే ఉంది. అడగకముందే చెప్పేశాడు.

"ఒక్క దినమే అనుకున్న డాక్టరమ్మా. బావోళ్ల వదినెకు చూపెట్టి తెల్లారి బస్సెక్కుదామనుకున్న. ఆమె ఇంకో దినం ఉంచుమన్నది. అటెన్క అందరు అడుగుడే. ఇయ్యాల రేపు అనుకుంట దినాలు పోయినయి. బావకు చెప్పనీకె మొకం చెల్లలే, ఎవలు చెప్పొద్దని అందరికి చెప్పిన."

ఆ వదినె అంటే బాలప్ప చనిపోయిన అన్న భార్య, సాయమ్మ. ఎదురిల్లే. నేను కోపంతోనే పోయాను. ఆవిడ చాప వేసి, చేతులు ఒడిలో పెట్టుకుని కూర్చుంది.

"మా ఇంటాయనకు కోసినప్పుడు మాకు ఎవలు చూపియ్యలే బిడ్డా. ఏం తీసిండ్రో, తీసిండ్రో లేదో గూడ తెల్వదు. గిది మాత్రం కండ్లార చూసిన. గా గూట్ల పెట్టుకొని రెండు దినాలు చూసిన. కాడతోని సహ ఎల్లింది. మా మరిది బతుకుతడు."

నా కోపం అక్కడే దిగిపోయింది. సీసా ఎక్కడమ్మా అన్నాను. పక్క ఊరి ఆర్ఎంపీ, అంటే డిగ్రీ లేకుండా సూదులు మందులు ఇచ్చే పల్లె వైద్యుడు, రెండు రోజులకని అడిగి తీసుకుపోయాడట.

ఆ వైద్యుడు మమ్మల్ని చూసి భయపడతాడనుకుంటే, పెళ్లివారు దిగినట్టు ఎదురొచ్చాడు. తన బల్ల మీద సీసా పెట్టిన జాగా చూపించాడు. "దవాఖానకు పోను, కోస్తె సస్త అనేటోళ్లు మేడం. గిది చూపెట్టంగనే తెల్లారి బస్సెక్కిండ్రు. మీ తానకు ఎంతమందిని తోలిన్నో మీరే చెప్పాలె" అన్నాడు. మందునీళ్లు తగ్గితే స్పిరిట్ పోసి నింపానని కూడా చెప్పాడు. పదిలంగానే చూసుకున్నాడు పాపం.

నేను బల్ల మీది ఖాళీ జాగా వైపు చూస్తూ నిలబడ్డాను. జనం నా చెయ్యి చూసి రాలేదు. సీసా పంపితే వచ్చారు. సూపరింటెండెంట్ గారితో అన్న మాట గుర్తొచ్చింది. ఖాజా నా వెనక నిలబడి దగ్గుతున్నాడు. నవ్వు ఆపుకునేటప్పుడు అతను అలాగే దగ్గుతాడు.

ఇప్పుడెక్కడుంది అని అడిగాను. సైన్సు సారు వచ్చి, పదో తరగతికి పాఠం చెప్పాలని తీసుకుపోయాడన్నాడు. ఏ స్కూలు సారు అన్నాను. చెప్పాడు. నేనూ ఖాజా మొహాలు చూసుకున్నాం. జీపు వచ్చిన దారినే తిరిగింది.

మేము చేరేసరికి చివరి గంట కొట్టారు. సైన్సు మాస్టారు అద్దాల బీరువా తెరిచాడు. పొద్దున్నుంచి నేను వీపు ఆనించి కూర్చున్న బీరువా. రెండో అరలో ఒక పక్క తేలు, ఇంకో పక్క కప్ప, నడుమ బాలప్ప పాలిప్. కాడ కూడా చెక్కుచెదరలేదు. పైన కొత్త కాగితం, దాని మీద గుండ్రటి అక్షరాలు: "మనిషి ముక్కులోని కండ. ముట్టరాదు." ఖాజా మియా అక్కడే బెంచీ మీద కూలబడి, తలపాగా తీసి మొహానికి అడ్డం పెట్టుకుని నవ్వాడు. భుజాలు ఎగిరెగిరి పడుతున్నాయి. నేను కాసేపు హోదా నిలబెట్టుకుందామని చూశాను. కుదరలేదు, బెంచీ రెండో కొసన నేనూ కూర్చున్నాను. మాస్టారు మాకేదో అయిందని మంచినీళ్లు తెప్పించాడు. సైన్సు గది వస్తువుల జాబితాలో సీసాను అప్పటికే ఎక్కించేశాడట. వాపసు తీసుకున్నట్టు నాతో సంతకం పెట్టించుకున్నాకే ఇచ్చాడు. కొత్త కాగితం కింద నేను అంటించిన ప్లాస్టరు, బాలప్ప పేరు అలాగే ఉన్నాయి.

మర్నాడు మొదటి బస్సుకు ఖాజా స్వయంగా హైదరాబాద్ పోయి సీసా అప్పగించి, చేరినట్టు చీటీ రాయించుకుని వచ్చాడు. ఆ శుక్రవారం థియేటర్‌లో వేరే మనిషి నేను అడిగిన తప్పు పనిముట్లన్నీ అడిగినట్టే ఇచ్చాడు. తరవాతి ఎనిమిది రోజులు నేను కొత్త రోగులకు ఉపన్యాసాలు ఇవ్వలేదు. తొమ్మిదో రోజు రిపోర్టు వచ్చింది. కండ నానినా పాడుకాలేదని నా సహాధ్యాయిని అంచున రాసింది. మామూలు పాలిప్, క్యాన్సర్ జాడలు లేవు. నేను గదిలో ఒక్కదాన్నే ఉన్నాను కాబట్టి కుర్చీలోంచి లేచి రెండడుగులు గెంతాను. అప్పుడే సిస్టర్ తలుపు తీసింది. చెప్పుకోదగ్గ విషయం కాదు గానీ జరిగింది.

నేను కబురంపితే ఆర్ఎంపీ సైకిల్ మీద పోయి బాలప్పకు చెప్పాడు. బాలప్ప, సాయమ్మ, మల్లేశం ముగ్గురూ వచ్చారు. కాగితం తెలుగు చేసి చదివాను. బాలప్ప మళ్లీ చదవమన్నాడు. రెండోసారి సాయమ్మ వైపు తిరిగి నెమ్మదిగా చదివాను. ఆవిడ, "నేను చెప్పలేదా" అన్నది మరిదితో. ఉక్కు పలక పెట్టి చూస్తే రెండు ఆవిరి మచ్చలు పడ్డాయి, కుడిదెంతో ఎడమదీ అంతే. జరిగిందంతా బాలప్పకు నేనే చెప్పి, తప్పు నాది కూడా అన్నాను. అతను మల్లేశం వైపు ఒకసారి చూశాడు. తిడతాడనుకున్నాను.

"పన్నెండు గంటల బస్సు అందుకోవాలె. పడుగు ఎక్కియ్యాలె, ఇద్దరం గావాలె. నడువ్" అన్నాడు.

సీసా హైదరాబాద్‌లోనే ఉండిపోయింది. రెండు నెలలు తిరిగేసరికి నారాయణపేట పక్కనుంచి వచ్చే జనం మునుపటి లెక్కకు దిగారు. అందువల్ల పేరు ఎవరిదో నాకు అనుమానం లేకుండా తేలిపోయింది.

ఈ ఉదంతం తరవాత నా పని పద్ధతి రెండు విధాలుగా మారింది. సీసాను రోగి బంధువుల చేత పంపడం మానేసి, వారానికొకసారి ఖాజా చేతే పంపేదాన్ని. తీసిన కండ మాత్రం మూడు రోజులు థియేటర్ అల్మారాలో ఉండేది. బంధువులకు చూపించడం నేను మానలేదు. చూడకపోతే నమ్మలేని మనిషి ప్రతి ఇంట్లోనూ ఒకరుంటారు, ఆ మనిషి సాధారణంగా ఆసుపత్రికి రాదు. అందుకని ఉద్యోగం విరమించే దాకా, మూత బిగించే ముందు ఒక మాట అడిగేదాన్ని: ఇంట్ల ఇంక ఎవలు చూడాలె? వాళ్లు వచ్చి చూసి పోయాకే సీసా బస్సెక్కేది.